ఓపిక లేని రోజుల లెక్క: క్యాన్సర్ చికిత్స తర్వాతి అలసటపై ఒక కేస్ స్టడీ

నేను సైకాలజిస్టును. క్యాన్సర్ చికిత్స ముగించుకుని నా దగ్గరకు వచ్చేవాళ్లు కూర్చోగానే చెప్పే మొదటి మాట చాలాసార్లు ఒకటే: "ఓపిక ఉండట్లేదండీ." ఒంట్లో సత్తువ లేకపోయినా ఓపిక లేదంటాం, ఎదుటి మనిషి మాట పడే సహనం లేకపోయినా ఓపిక లేదనే అంటాం. చాలా ఏళ్లు నేను మొదటి అర్థం మాత్రమే విని ఫైల్లో రాసుకునేదాన్ని. రెండోదాన్ని కూడా వినాలని నాకు నేర్పిన కేసు ఇది. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. సెషన్లలో "టీచర్ గారూ" అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

వచ్చిన కారణం

46 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల టీచర్. రెండో దశలో బయటపడ్డ రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయి ఏడు నెలలు. రోజూ ఒక హార్మోన్ మాత్ర. స్కాన్లు బాగున్నాయి. మళ్లీ స్కూల్లో చేరి రెండు నెలలు. డాక్టర్ రాసిన చీటీలో రెండే ముక్కలు: "అలసట ఎక్కువగా ఉంది. డిప్రెషన్ ఉందేమో చూడగలరు."

మొదటి సెషన్‌కు 50 నిమిషాలు పెట్టుకున్నాం. అరగంట దాటేసరికి ఆమె మాట తగ్గిపోయింది, వాక్యం సగంలో ఆపి "ఏం చెబుతున్నాను?" అని అడిగారు. అలసట గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషిని నేనే అలసగొడుతున్నానని అప్పుడు తట్టింది. అక్కడి నుంచి సెషన్లు 35 నిమిషాలకు కుదించాను. మూడు సెషన్లు వీడియో కాల్‌లో, ఆమె మంచం మీద పడుకునే చేశారు. మొత్తం పది సెషన్లు, పదమూడు వారాలు.

అంచనా

క్యాన్సర్‌తో వచ్చే అలసట మామూలు అలసట లాంటిది కాదు. అమెరికాలోని నేషనల్ కాంప్రహెన్సివ్ క్యాన్సర్ నెట్‌వర్క్ మార్గదర్శకాల్లో దీనికి ఇచ్చిన నిర్వచనంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒక మాట: చేసిన పనికి, కలిగిన అలసటకు లెక్క కుదరదు. స్నానం చేసి వచ్చి గంట పడుకోవాల్సి వస్తుంది. పడుకుని లేచినా తేటగా ఉండదు. ఇది ఒంట్లోనూ, మనసులోనూ, ఆలోచనలోనూ ఉంటుంది. చికిత్స ముగిశాక కొందరికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

సైకాలజిస్టు దగ్గరకు పంపారు కదా అని వెంటనే మనసు మీద పడకూడదు. సరిచేయగల కారణాలు ఏవైనా మిగిలాయా అన్నది ముందు చూడాలి: రక్తహీనత, థైరాయిడ్, నొప్పి, నిద్ర, సరిపడా తినకపోవడం, వేరే మందుల ప్రభావం, గుండె, ఊపిరితిత్తులు. టీచర్ గారికి హిమోగ్లోబిన్ 11.8, థైరాయిడ్ మామూలే. నిద్ర గురించి మాత్రం ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు. రాత్రికి మూడు నాలుగుసార్లు ఒళ్లంతా వేడి ఆవిర్లు కమ్మి, చెమటతో తడిసి లేస్తున్నారు. "అది హార్మోన్ మాత్ర వల్ల అన్నారుగా, దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నారు. ఆ రోజే ఆమె డాక్టర్‌కు ఉత్తరం రాశాను.

సున్నా నుంచి పది వరకు ఉండే కొలతలో ఆ వారం అలసట ఎంత అని అడిగితే 7 అన్నారు. ఏడు, ఆపైన ఉంటే తీవ్రం కిందే లెక్క. ఫాసిట్ అలసట ఫారమ్‌లో 52 కి 19 వచ్చింది. ఇందులో మార్కులు తగ్గేకొద్దీ అలసట ఎక్కువని అర్థం. డిప్రెషన్ లక్షణాలు అడిగే పీహెచ్‌క్యూ-9 ఫారమ్‌లో 12, ఇందులో మార్కులు పెరిగేకొద్దీ లక్షణాలు ఎక్కువని అర్థం. మనసు ఎంత బిగుసుకుని ఉందో చూపే ఏఏక్యూ-2 లో 49 కి 34.

పీహెచ్‌క్యూ అంకె చూసి డిప్రెషన్ అని రాసేయడం తేలిక. కానీ ఆ ఫారమ్‌లో నిద్ర, నీరసం, ఏకాగ్రత గురించిన ప్రశ్నలకు క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లు డిప్రెషన్ లేకపోయినా మార్కులు వేస్తారు. అందుకే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: "రేపు పొద్దున్న ఒంట్లోకి పూర్తి ఓపిక వచ్చిందనుకోండి, ఏం చేస్తారు?" డిప్రెషన్ గట్టిగా పట్టినవాళ్లు తరచూ దీనికి ఖాళీగా చూస్తారు. టీచర్ గారు ఆగకుండా ఐదు పనులు చెప్పారు, ఐదోది చెబుతూ ఏడ్చారు. కోరికకు లోటు లేదు, ఒళ్లే కలిసి రావడం లేదు. దిగులు ఉంది, కానీ అది అలసట వెనక నడిచి వచ్చిన దిగులని నా అంచనా. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగానే అడిగాను. లేవన్నారు. "ఇలా ఉంచడానికేనా ఇంత కష్టపడి బతికించారు అని మాత్రం అనిపిస్తుంది" అన్నారు.

తొమ్మిదో మెట్టు

స్టాఫ్ రూమ్ కింద, ఆమె క్లాసు పైన. మధ్యలో 18 మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర మలుపు. అక్కడికి వచ్చేసరికి కాళ్లలో ఇసుక పోసినట్టు అవుతుందట. ఆగాలి. ఆగితే పిల్లలు చూస్తారు. అందుకని ఫోన్ బయటకు తీసి, మెసేజ్ వచ్చినట్టు చదువుతూ నిలబడతారు. లేని మెసేజ్‌ను చదివే ఆ రెండు నిమిషాల్లో లోపల నడిచేది ఇది: ఎవరైనా చూశారా, హెచ్‌ఎం చూసి ఉంటే ఏమనుకుంటారు, ఇంత బద్ధకం ఎందుకొచ్చింది, జబ్బు తిరగబెట్టిందేమో. పైకి చేరేసరికి అలసటకు తోడు గుండెదడ. "ఎక్కడం కన్నా ఆ నటన ఎక్కువ అలసట మేడం" అన్నారు. ఫార్ములేషన్‌లో, అంటే సమస్య ఎందుకు ఇలా నిలిచిపోయిందో నేను రాసుకునే వివరణలో, ఉన్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

రెండు వారాలు డైరీ రాయించాను. 14 రోజుల్లో ఓపిక ఉన్న రోజులు మూడు. ఆ మూడు రోజులూ మిగిలిపోయిన పనులన్నీ మీదేసుకున్నారు: బీరువా సర్దడం, పేపర్లు దిద్దడం, బాత్రూమ్ కడగడం. ప్రతిసారీ ఆ తర్వాత రెండు రోజులు మంచం. వడ్డీకి తెచ్చి ఖర్చుపెట్టినట్టు. ఆమె మాత్రం దాన్ని అలా చూడలేదు. మంచం మీద ఉన్న రోజులను తన తప్పుగా, పరుగెత్తిన రోజులను అసలైన తానుగా లెక్కేసుకున్నారు.

"సర్దుకుపోవడం నాకు మీరు నేర్పాలా?"

స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980 ల నుంచి రూపుదిద్దిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ నేను ఎంచుకున్న దారి. దాని పొట్టి పేరును అక్షరాలు విడదీయకుండా "యాక్ట్" అనే పలుకుతారు, పని చేయడం అన్న అర్థం కూడా కలిసొస్తుందని. బాధను తుడిచేయడం దీని లక్ష్యం కాదు. బాధతో జరిగే పెనుగులాట తగ్గితే, ఆ మిగిలిన బలాన్ని మనకు ముఖ్యమైన వాటి మీద పెట్టవచ్చు. తుడిచిపెట్టలేని అలసటకు ఇది బాగా అతుకుతుందని నా నమ్మకం.

మూడో సెషన్లో ఈ విషయం వివరిస్తూ "అంగీకారం" అన్న మాట వాడాను. ఆమె ముఖం మారిపోయింది. "అంటే సర్దుకుపొమ్మంటారు. ఇరవై ఏళ్లుగా అదే కదా చేస్తున్నది. ఇప్పుడు ఫీజు కట్టి మరీ మీ దగ్గర అదే నేర్చుకోవాలా?"

ఆ కోపం న్యాయమైనది. పుస్తకంలో ఎంత శుభ్రంగా ఉన్నా, అంగీకారం అన్న మాట మన ఆడవాళ్ల చెవిలో పడేసరికి సర్దుకుపోవడంగా మారిపోతుంది. సర్దుకుపోవడమంటే నోరు మూసుకోవడం. నేను చెప్పదలచింది దానికి దాదాపు ఎదురు: అలసటను దాచకుండా పైకి చెప్పగలగడం, దాన్ని లెక్కలోకి తీసుకుని రోజును నడపడం. కానీ ఆ రోజు ఆ మాటలు నాకు దొరకలేదు. క్షమాపణ చెప్పి, "ఆ మాట పక్కన పెడదాం, మీరే వేరే పేరు పెట్టండి" అన్నాను.

వారం తర్వాత పేరు తెచ్చారు. "లెక్కలో దత్తాంశం అని ఉంటుంది చూడండి, ప్రశ్నలో ముందే ఇచ్చినది. త్రిభుజంలో ఒక కోణం 90 డిగ్రీలు అని ఇస్తే, నాకు నచ్చలేదు, 60 ఇవ్వండి అని ఏ పిల్లాడూ అనడు. ఇచ్చింది రాసుకుని అక్కడి నుంచి మొదలుపెడతాడు. నేను ఏడు నెలలుగా దత్తాంశంతో కొట్లాడుతున్నాను."

నేను ఒక్క సవరణే చేశాను: ఈ దత్తాంశం రోజుకో రకంగా ఉంటుంది, కాబట్టి ప్రతి పొద్దునా కొత్తగా చదువుకోవాలి. అది నచ్చింది. అప్పటి నుంచి నిద్ర లేవగానే ఆ రోజు అలసట అంకెను డైరీలో మొదటి గీత మీద రాయడం అలవాటు చేసుకున్నారు. 4 ఉంటే ఒక రకం రోజు, 7 ఉంటే ఇంకో రకం రోజు. 4 ఉన్న రోజు కూడా పనులన్నీ ఎత్తుకోకూడదన్న షరతు నాది. దాన్ని మాత్రం ఆమె తరచూ మీరారు.

మైండ్‌ఫుల్‌నెస్‌లో నేను చేసిన పొరపాటు

జాన్ కబాట్-జిన్ 1979 లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడం) కార్యక్రమం నుంచి వచ్చిన బాడీ స్కాన్ చాలామందికి తెలిసిందే. పడుకుని కాలివేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడం. పడుకునే చేయవచ్చు కాబట్టి అలసిన మనిషికి తేలికని 25 నిమిషాల ఆడియో ఇచ్చాను.

నాలుగు రోజులకు ఫోన్ చేశారు. ధ్యాస కాళ్ల మీద ఉన్నంతసేపు బాగానే ఉంది. ఛాతీ దగ్గరకు రాగానే ఆపరేషన్ గాటు, దాని పక్కన తిమ్మిరి, చంకలో లాగినట్టు ఉండటం. ధ్యాస కాస్తా వెతుకులాట అయిపోయింది. చేతి వేళ్లు వాటంతటవే చంక తడుముతున్నాయి. ఆ రాత్రి రెండింటి దాకా నిద్ర లేదు. ముందే ఊహించాల్సింది నేను. కొంతకాలం కిందట కణితి దొరికిన శరీరాన్ని అంగుళం అంగుళం గమనించమని చెప్పడం, భయం ఉన్నచోట టార్చి ఇచ్చి పంపడం లాంటిది.

బాడీ స్కాన్ ఆపేశాం. కళ్లు తెరిచే, మూడు నిమిషాలు, పాదాలు నేలకు తగిలే చోట, గదిలో వినిపించే చప్పుళ్ల మీద ధ్యాస. అంతే. దాన్ని రోజులో ఉన్న ఆగుడుకే కట్టాం: తొమ్మిదో మెట్టు. ఫోన్ తీయకుండా మెట్ల రెయిలింగ్ మీద చెయ్యి వేసి నిలబడటం, ఆ ఇనుము చల్లదనం, కింద గ్రౌండ్‌లో పిల్లల అరుపులు, తన ఊపిరి. ఎవరైనా చూస్తే చూడనివ్వడం. మొదటి రోజు 20 సెకన్లకే ఫోన్ తీసేశానని నవ్వుతూ చెప్పారు. మూడో వారానికి ఫోన్ స్టాఫ్ రూమ్‌లోనే వదిలి వెళ్లడం మొదలుపెట్టారు. ఛాతీ మీద ధ్యాస తొమ్మిదో సెషన్లో, నేను పక్కన ఉండగా, అర నిమిషంతో మొదలుపెట్టాం.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆమె మైండ్‌ఫుల్‌నెస్‌ను పరీక్ష చేసేశారు. "ఇవాళ సరిగ్గా చేయలేదు, అలసట తగ్గలేదు." అలసట తగ్గించడానికి చేస్తే అది కూడా పెనుగులాటే అవుతుందని చెప్పీ చెప్పీ, చివరికి "దీనికి మార్కులు వేయడం మానేయండి టీచర్ గారూ" అంటే అర్థమైంది.

బద్ధకం అనిపించడం, బద్ధకం కావడం

ఆలోచనకూ మనకూ మధ్య కాస్త ఎడం చేయడం యాక్ట్‌లో ముఖ్యమైన మెళకువ. దీనికి ఇంగ్లిష్‌లో రకరకాల ఆటలు ఉన్నాయి, ఆలోచనను పాటలా పాడటం లాంటివి. నాకు అవి ఎప్పుడూ కాస్త ఎబ్బెట్టుగానే ఉంటాయి. మన వ్యాకరణమే ఈ పని సగం చేసి పెడుతుంది. కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, నిద్ర వస్తుంది. అన్నీ వచ్చేవే, వచ్చినవి పోతాయని లోపల ఎక్కడో తెలుసు. "బద్ధకస్తురాలిని అయిపోయాను" అన్నప్పుడు మాత్రం ఆ ఎడం ఉండదు. దాన్ని "బద్ధకస్తురాలినని అనిపిస్తోంది" అని, కొన్నాళ్లకు "మళ్లీ ఆ బద్ధకం మాట వచ్చింది" అని మార్చి పలికించాను. "మధ్యాహ్నం మూడింటికి వస్తుంది మేడం, బెల్లు కొట్టినట్టు" అన్నారు ఒకరోజు. వచ్చే టైము తెలిశాక దాని బెదిరింపు కొంత తగ్గింది. జబ్బు తిరగబెట్టిందేమో అన్న ఆలోచనకు మాత్రం ఇది అంతగా పనిచేయలేదు.

ఇంట్లో

ఆరో సెషన్‌కు భర్తను రమ్మన్నాను. మంచి మనిషి. ఆమె ఏ పనికి చెయ్యి వేసినా "నేను చూసుకుంటాలే, నువ్వు పడుకో" అని లాగేసుకుంటారు, పడుకుంటే మాత్రం "పాజిటివ్‌గా ఉండాలి, ఇలా పడుకుంటే ఎలా" అంటారు. ఈ రెండూ ఎలా పొసుగుతాయని అడిగితే చాలాసేపు నేల చూసి, "ఆమె పగలు పడుకుంటే నాకు కీమో రోజులు గుర్తొస్తాయండీ, భయం" అన్నారు. ఆ మాట ఆమె అదే మొదటిసారి వినడం. ఆ రోజు నేను పెద్దగా చేసిందేమీ లేదు.

విలువల గురించి మాట్లాడినప్పుడు బడి గురించే ఎక్కువ చెబుతారనుకున్నాను. కూతురి గురించి చెప్పారు. 14 ఏళ్ల పిల్ల. "అమ్మ పడుకుంది" అని పక్క గదిలో తలుపేసుకుని చదువుకుంటుంది. ఏడాదిగా లెక్క అడగలేదు. "ఇంట్లో నన్ను ఏదీ అడగడం మానేశారు." మొదటి సెషన్లో ఏడుస్తూ చెప్పిన ఐదో పని ఇదే: పిల్ల పక్కన కూర్చుని లెక్కలు చెప్పడం. ఓపిక వచ్చాక చెబుదామని ఎదురుచూస్తున్నారు.

"కూర్చోకుండా చెప్పలేరా?" అని అడిగాను. మంచం మీద కళ్లు మూసుకుని పడుకుంటారు, పిల్ల మంచం అంచున కూర్చుని లెక్క చదువుతుంది, ఈవిడ నోటితో చెబుతారు. 15 నిమిషాలు, టైమర్ మోగగానే లెక్క సగంలో ఉన్నా ఆపాలి. మొదటి రోజే పదిహేడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయారు. ఇరవై ఏళ్లు నోటి లెక్కలు చెప్పిన మనిషికి మధ్యలో అంకె జారిపోయింది. కీమో తర్వాత చాలామంది చెప్పుకునే మసకే ఇది. చేతులతో ముఖం కప్పుకున్నారట. పిల్ల "136 అమ్మా, తర్వాత?" అంది. వీళ్లు తర్వాతి మెట్టుకు వెళ్లారు.

నడక, ఒక ఎదురుదెబ్బ

అలసటను ఒప్పుకోవడమంటే పడుకోమనడం అనుకుంటే ఈ చికిత్స హాని చేస్తుంది. క్యాన్సర్ అలసటకు గట్టి ఆధారాలున్న వాటిలో వ్యాయామం ముందు వరసలో ఉంది. 113 అధ్యయనాలను కలిపి 2017 లో ప్రచురించిన విశ్లేషణలో వ్యాయామం, మానసిక చికిత్సలు రెండూ మందుల కన్నా మెరుగ్గా కనిపించాయి. అమెరికన్ క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2024 లో సవరించిన మార్గదర్శకాలు వ్యాయామం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మానసిక చికిత్స)తో పాటు మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమాలను కూడా సూచించాయి. ఫిజియోథెరపిస్టు రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టించారు. నా వంతు ఒకటే: "తగ్గాక నడుస్తాను" అన్న వాక్యంలోంచి "తగ్గాక" తీసేయించడం. అలసట 6 ఉన్న రోజు కూడా పది నిమిషాలు, 3 ఉన్న రోజు కూడా పదే.

ఎనిమిదో సెషన్‌కు రాలేదు. అది చెకప్ స్కాన్ వారం. టెన్షన్‌తో మూడు రోజులు నిద్ర లేదు, నడక లేదు, పిల్లతో లెక్కలు లేవు, మెట్ల దగ్గర మళ్లీ ఫోన్. స్కాన్ బాగానే వచ్చింది, అయినా తర్వాతి నాలుగు రోజులు మంచం మీదే. "అంతా పోయింది మేడం, మొదటికొచ్చాను" అన్నారు ఫోన్లో. డైరీలో ఆ రోజు అంకె రాశారా అని అడిగాను. రాశారు: 9. తొమ్మిది ఉన్న రోజున కూడా డైరీ తెరిచారు కదా అన్నాను. ఒప్పుకోలేదు గానీ, మరుసటి వారం వచ్చారు.

అప్పుడే క్లాసులోకి కుర్చీ వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె కూర్చుని పాఠం చెప్పలేదు. హెచ్‌ఎంతో మాట్లాడి, పై అంతస్తు పీరియడ్లు రెండు వరుసగా వేయించుకున్నారు, మెట్లు ఒక్కసారే ఎక్కేలా. పిల్లలకు ఏం చెప్పాలో రెండు వారాలు మథనపడి, చివరికి "నాకు త్వరగా అలసట వస్తుంది, కూర్చుని చెబుతాను" అని ఒక్క ముక్కలో చెప్పారు. బోర్డు మీద రాసే పని పిల్లలు పంచుకున్నారు. ఈమెకు తెలిసి ఎవరూ ఏమీ అనుకోలేదు, ఒక సహోద్యోగి తప్ప.

ఫలితం

పదమూడో వారం చివర అలసట 5. ఫాసిట్ 19 నుంచి 31. పీహెచ్‌క్యూ-9 లో 6, ఏఏక్యూ-2 లో 21. మంచానికి అంటుకుపోయిన రోజులు 14 లో ఆరు నుంచి రెండుకు తగ్గాయి.

ఇందులో నా వాటా ఎంత అన్నది తేల్చలేను. ఐదో వారంలో డాక్టర్ వేడి ఆవిర్లకు మందు ఇచ్చారు, నిద్ర కుదుటపడింది. నడక పది నిమిషాల నుంచి పాతికకు చేరింది. చికిత్స ముగిసి గడిచిన నెలలు కూడా వాటి పని అవి చేసి ఉంటాయి. ఒక్క కేసులో వీటిని విడదీయడం కుదరదు. నిద్ర మెరుగుపడక ముందే, నాలుగో వారంలో, అలసట ఇంకా 7 ఉండగానే ఆమె ఫోన్ పక్కన పెట్టి మెట్ల మీద నిలబడగలిగారు. దాన్ని మాత్రం నేను మా పని ఖాతాలో వేసుకుంటాను. జబ్బు తిరగబెడుతుందన్న భయం అలాగే ఉంది, దానికి విడిగా పని చేయాలి. వచ్చే ఏడాది పూర్తి పీరియడ్లు తీసుకోవాలా వద్దా అన్నదీ ఆమె ఇంకా తేల్చుకోలేదు.

మూడు నెలల తర్వాత ఫాలోఅప్‌కు వచ్చి ఫారమ్ నింపుతూ, ఓపిక గురించిన ప్రశ్న దగ్గర పెన్ను ఆపారు.

"ఏ ఓపిక అడుగుతున్నారు మేడం? కాళ్లదా, మనుషులతోనా? రెండోది వచ్చింది. మొన్న మా ఆడపడుచు గంటసేపు ఫోన్లో సలహాలు చెప్పినా విన్నాను."

కాళ్లదే అన్నాను. నాలుగుకి రెండు వేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.